అరకు ఘాటులో బండ్ల రద్దీ

కార్తీకము ప్రవేశించినది మొదలు సంక్రాంతి కడచువఱకు అరకు లోయకు పోవు బాట ఏటేట ఒక్కతీరుగనే యుండును. శుక్రవారము సాయంకాలమున విశాఖపట్టణమునుండి బయలుదేరు మోటారు బండ్ల వరుస శృంగవరపుకోట దాటి కొండ నెక్కనారంభించును. ఆదివారము చీకటిపడు వేళకు ఆ వరుసయే దిగువకు మరలును. నడుమనున్న దినములలో డముకు మలుపులయొద్దను, గాలికొండయొద్దను, బొర్రా గుహలకు చీలు కూడలియందును బండివెనుక బండి నిలిచిపోవును. పట్టణవాసులకిది వినోదయాత్రలో గలిగిన చిన్న చికాకు మాత్రమే. కాని యాబాట వినోదమునకు మాత్రమే యేర్పడినది కాదు. అనంతగిరి, అరకు ప్రాంతముల ప్రజలు విశాఖపట్టణమునందలి పెద్దాసుపత్రికి పోవలెనన్నను, పసుపో మిరియమో దిగువకు తోలుకొనవలెనన్నను అదియే దారి. ప్రసవవేదన పడుచున్న తల్లి యావరుసలో చిక్కుకొన్నచో ఆమెకు ప్రతి నిమిషమును ప్రాణసంకటమే. కావున ఈ రద్దీని విహారమునకు వచ్చువారి సౌకర్యమను దృష్టితో గాక, మన్యప్రజల హక్కు అను దృష్టితో విచారింపవలసియున్నదని మా యభిప్రాయము.

మొదట వ్యాధిస్వరూపమును తెలిసికొందము. బాటల శాస్త్ర మెఱిగినవారు బండ్లను తలలెక్కగా గాక, కారును ప్రమాణముగా గొని లెక్కింతురు. వారి లెక్కలో బస్సుగాని లారీగాని మూడు కార్లపెట్టు. మోటారు సైకిలు అరకారు. 1934లో స్థాపితమైన భారతీయ రహదారుల కాంగ్రెసు 1990లో ప్రకటించిన సూత్రములనుబట్టి, మైదానమునందు రెండు వరుసల బాట దినమునకు 15,000 కార్ల పరిమాణమును సుఖముగా మోయగలదు. అంతే వెడల్పుగల బాట, మలుపులు మెండైన కొండలలో 5,000 మాత్రమే మోయగలదు. అనగా కొండ యెక్కగానే బాట మూడవవంతు బాటయగుచున్నదన్నమాట. కారణము స్పష్టమే. వెండ్రుకపిన్నువలె వంగిన మలుపున పెద్దబస్సు తిరుగవలెనన్నచో బాట యావత్తు దానికే కావలెను. ఎదుటివాడు నిలువడు, వెనుకవాడు ఓర్వలేక వరుస తప్పించి ఖాళీగా నున్న పక్కకు దూరును. అంతతో రెండు పక్కలును మూసికొనును. ముందుకు పోవుటకును వీలులేదు, వెనుకకు జరుగుటకును వీలులేదు. ఇరుకు కొండబాటలలో దిగువాడు ఎక్కువానికి దారి యీయవలెనని 1989 నాటి రహదారి నియమములలోనే కలదు. 2017లో మరల ప్రకటింపబడినది. దాని నెఱిగి బండి నడుపువా రెందరో మా పాఠకులే యూహింపగలరు.

ఇక లెక్క మాట. ఏటికి రెండు మారులు, మారునకు ఏడేసి దినములు, రేయింబవళ్లు బండ్లను లెక్కించుట మన ఇంజనీర్ల వాడుక. ధాన్యము తోలు రోజులేవో, తోలని రోజులేవో తెలిసికొనుటకు మైదానములలో నిది చాలును. కాని మన్యపు బాట కోతలనుబట్టి నిండదు. సెలవులనుబట్టి, మంచునుబట్టి, వలిసెపూలు విరియుటనుబట్టి నిండును. వంజంగి కొండపై మేఘములను, లంబసింగిలో మంచును చూడగోరువారు తెల్లవాఱకమునుపే అచ్చటికి చేరవలెను; గావున బండ్లన్నియు చీకటిలో నొక్కసారిగా నెక్కి, ఎండ ముదురగానే యొక్కసారిగా దిగును. ఆదివారమునాడు కదలని బాట మంగళవారమున నిర్జనముగా నుండును. ఈరెంటిని గలిపి సగటు తీసినచో బాటకు బరువేమియు లేదని తేలును. ఏటి సగటులోతు మోకాలిబంటి యని విని సుడిలో దిగినవాని కథ వంటిదే యిది.

రద్దీ కలదన్నచో బాటను వెడల్పు చేయుడనుట సులభమైన సమాధానము. రాజమహేంద్రవరమునుండి పాడేరు, అరకులమీదుగా విజయనగరమునకు పోవు 516ఈ జాతీయరహదారిని విస్తరించు పనులు ఇటీవలి సంవత్సరములలో చేపట్టబడినవి. మేము వానిని కాదనము. కాని వెడల్పైన బాట వేగమును పెంచును. కొండమలుపున వేగము మృత్యువునకు చుట్టము. 2021 ఫిబ్రవరిలో డముకువద్ద యాత్రికుల బస్సు లోయలో పడి ప్రాణనష్టము కలిగిన సంగతిని మఱవరాదు. మఱియు కొండను ఎంత దొలిచినను సెలవుదినపు వరుసకు చాలినంత చోటు దొరకదు. దొలిచిన చఱియ మాత్రము వానకాలమున బాటపైకి జారును.

ఇచ్చట చరిత్రను ఒకింత స్మరింపవలసియున్నది. నేడు విహారపు బండ్లతో నిండుచున్న లంబసింగి బాట యెట్లు పుట్టినది? ఆనాటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నమునుండి కొండమీదికి బాట వేయించుచు, మన్యపువారిచేత చాలీచాలని కూలికి బలవంతముగా పని చేయించెను. 1882 నాటి అటవీ చట్టముతో నొచ్చియున్న ప్రజలకు ఈ బాటవెట్టి పుండుమీది కారమైనది. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాపై పడి, 1924 మే 7వ తేదీన కొయ్యూరులో అల్లూరి సీతారామరాజు బలియగువఱకు నడచిన పితూరీకి గల కారణములలో ఈ బాట యొకటి. ఎవరి చెమటతో బాట వెలసెనో వారి మనుమలు నేడు ఆబాటయంచున నిలిచి, ఇతరుల బండ్లు తొలగువఱకు కాచుకొనవలసివచ్చుట న్యాయమా? 2022 ఏప్రిలు 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా నేర్పడిన జిల్లాకు ఆ వీరుని పేరు పెట్టుకొంటిమి. పేరు పెట్టినంతమాత్రమున ఋణము తీరదు.

ఆజిల్లాయందే మఱియొక విపరీతము గలదు. ఒక కొండపై బండ్లు హెచ్చై బాట కదలదు. పక్కకొండపై బాటయే లేక మనిషి డోలీలో మోయబడును. గర్భిణిని కఱ్ఱకు గట్టిన దుప్పటిలో నుంచి, మోటారు అందు తావువఱకు నడచివచ్చు బంధువుల సంగతి పత్రికలలో తఱచుగా వచ్చుచునేయున్నది. డోలీ దిగి ఆంబులెన్సు ఎక్కిన యా తల్లి విహారపు బండ్ల నడుమ చిక్కుకొనుట ఎంతటి దైన్యము! 2025 ఏప్రిలులో డుంబ్రిగూడ మండలమందలి పెదపాడునుండి ప్రారంభింపబడిన ‘అడవితల్లి బాట’ గూడెములకు దారులు వేయ సంకల్పించినది. ఆ సంకల్పము శ్లాఘనీయము. పెద్దరహదారికి నిధులు కొఱవడునను భయము లేదు. గూడెపు దారికే ఆ భయము. కావున చేతిలో రూపాయి యున్నప్పుడు అది మొదట డోలీబాటకు పోవలెను.

అట్లైన రద్దీకి మందేది? బాటను పెంచుటకంటె బాటను ఏలుకొనుట మేలు. మొదటిది, సెలవుదినములలో గంటగంటకు బండ్లను లెక్కించి యాలెక్కను ప్రకటింపవలెను. రెండవది, లెక్కనుబట్టి ఎక్కు దిగు వేళలను నిర్ణయింపవలెను. తిరుమల కొండకు 1944లో వెలసిన ఘాటు రోడ్డు నేడు దిగుటకును, తరువాతి బాట ఎక్కుటకును ఏర్పడియుండుట మనమెఱిగినదే. మన్యమునకును అనంతగిరి ఘాటు, పాడేరు ఘాటు అని రెండు దారులున్నవి. రద్దీదినములలో యాత్రికుల బండ్లు ఒకదానిచే నెక్కి, వేఱొకదానిచే దిగునట్లు పరీక్షించి చూడవచ్చును. స్థానికులకు, ఆంబులెన్సులకు, ఆర్టీసీ బస్సులకు, సంతజీపులకు ఈ కట్టడి యుండరాదు. మూడవది, రైలు. ముడి ఇనుము మోయుటకై 1960వ దశకమున వేసిన కొత్తవలస–కిరండూలు మార్గము బొర్రాను, అరకును తాకుచునే పోవుచున్నది. 2017లో అద్దపు పెట్టె తగిలింపబడిననాటినుండి దానికి గిరాకి తెలిసినదే. సెలవుదినములలో అదనపు బండ్లు నడిపి, స్టేషనునుండి స్థానికుల జీపులకును ఆర్టీసీ బస్సులకును పని కల్పించినచో ఒక్క రైలు కొన్ని వందల కార్లను కొండ యెక్కనీయదు.

ఇట్లు కట్టడి చేసినచో వ్యాపారము పడిపోవునని కొందఱందురు. అది త్రోసివేయదగిన మాట కాదు. కాఫీ యమ్మువాడును, వెదురుబొంగులో కోడిమాంసము వండువాడును, థింసా ఆడు స్త్రీలును యాత్రికులవలననే నాలుగు డబ్బులు కనుచున్నారు. కాని మలుపున నాలుగు గంటలు నిలిచిన కారులోనివాడు కొనునదేమున్నది? మద్రాసు హైకోర్టు ఉత్తరువు ననుసరించి 2024 మే నెలనుండి నీలగిరులకును కొడైకెనాలునకును ఈ-పాసు పద్ధతి వచ్చినది. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు దినములందు 6,000, వారాంతములందు 8,000 బండ్లని పరిమితి విధింపబడినది. స్థానికుల బండ్లకు మినహాయింపు కలదు. అచ్చటి వర్తకులును మొఱపెట్టిరి. అంకె ఎంతయను విషయమున వాదముండవచ్చును. కొండకు హద్దు గలదను విషయమున వాదము లేదు. మన హద్దును మాత్రము కార్యాలయములో గూర్చుండి గీయక, 1996 నాటి చట్టము గ్రామసభలకిచ్చిన స్థానమును గౌరవించి, కొండమీదివారినడిగి గీయవలెను.

తుదకు మా పాఠకులకొక విన్నపము. అరకు చూడబోవువారిలో మనమే ముందుంటిమి. ప్రభుత్వమువారు మేల్కొనువఱకు మన చేతిలో నున్న పని కొంత కలదు: వీలైనచో రైలెక్కుట, మలుపున బండి నాపి ఛాయాచిత్రము తీయకుండుట, ఎక్కువానికి దారి యిచ్చుట, వరుస తప్పకుండుట. అతిథి ఇంటివాని వాకిలిని మూయరాదు. ఆలోయకు మన మతిథులము; ఆబాట వారి వాకిలి.