కుండీలో కిత్తనార

నల్లగొండలోగాని, పాలమూరులోగాని కిత్తనార నెరగనివారుండరు. చేలగట్ల మీదా, రైలుకట్టల వెంటా కత్తులు దూసి నిలబడి వుంటుంది. పశువులు చొరబడకుండా నాటే ఆ కంచెమొక్కను ఇంట్లోకి తెచ్చుకోవడమేమిటని ముక్కున వేలేసుకోకండి. నేను చెప్పేది దాని చిన్నచెల్లెలి మాట. ఇది మూరకు మించి పెరగదు. ఆకుకు పసుపుపచ్చని అంచు, నడుమ లేతచార, అంచున ఎర్రని పళ్లు. అందుకే నర్సరీలవారు ‘క్వాడ్రికలర్’ అంటారు, నాలుగు రంగులదని. ఈ జాతికి ‘అగేవ్’ అని 1753లో పేరుపెట్టినవాడు లిన్నేయస్. గ్రీకు మాటకు ‘ఘనమైనది’ అని అర్థం. నాకు మాత్రం మన పేరే నచ్చుతుంది, లోపల నార వుందని చెప్పేస్తుంది గనుక.

ఆ నారే మనకు గుర్తు కూడా. చాలామంది దీన్నీ కలబందే అనుకుంటారు. కలబంద ఆకు విరిస్తే మెత్తని గుజ్జు వస్తుంది. కిత్తనార తెగదు, పీచు సాగుతుంది. దీని రసం వొంటికి తగిలితే దురదా, దద్దుర్లూ తప్పవు. ముఖానికి కలబంద రాసుకునే ఆడపిల్లలున్న ఇంట్లో ఈ తేడా ముందే చెప్పి వుంచడం మంచిది.

బోరు ఎండిన వేసవిలో గులాబీకి చెంబెడు నీళ్లు పోయాలన్నా ఇల్లాలికి ప్రాణం ఒప్పదు. ఇది ఆ బాధ పెట్టదు. పగలంతా ముక్కు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకుంటుంది. అంచేత ఒంట్లో తేమ పోదు. వేసవిలో పదిరోజులకొకసారి తడిపితే చాలు. చలికాలంలో ఇంకా తక్కువ. ఇది చచ్చేది దాహంతో కాదు, మన దయతో. బియ్యం కడిగిన నీళ్లు రోజూ పోసి, మొదలు కుళ్లాక “ఎండదెబ్బ తగిలింది” అనేవారే ఎక్కువ.

మన చల్కమట్టి ఒక పాలు, ముతక ఇసుకా, చిన్నరాళ్లూ కలిపి ఒక పాలు. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. పెరట్లో నాటితే కాస్త దిబ్బ చేసి, రాళ్ల సందున నాటండి. రాళ్లకు మనకేం కరువు! బోరునీళ్ల ఉప్పు కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది. ఒక పెద్దవానకు ఆరుబయట వుంచితే అది కడుక్కుపోతుంది. ముసురు పట్టిందంటే మాత్రం చూరు కిందికి చేర్చాలి. మే నెలలో డాబా మీద సాయంకాలపు ఎండ పనికిరాదు, లేతరంగు చారలు మాడిపోతాయి.

పిలకలను మాఘ ఫాల్గుణాలలో వేరుచేసి, నాలుగురోజులు నీడన ఆరబెట్టి నాటండి. ఒక్కోసారి ఒట్టి ఆకుపచ్చ పిలక పుడుతుంది. చారలున్నదానికంటే దానికి పత్రహరితం ఎక్కువ, జోరుగా పెరిగి తల్లినే మింగేస్తుంది, కనబడగానే తీసెయ్యాలి. పూర్తిగా తెల్లని పిలక వస్తే ముచ్చటపడి విడదీయకండి. దానికి సొంతంగా తిండి వండుకోవడం రాదు, తల్లి దగ్గరే బతుకుతుంది.

ముళ్ల కొసలను గోళ్లు తీసే కత్తెరతో కొంచెంగా కత్తిరించవచ్చు. పిల్లలు పాకే వసారాలో మాత్రం అసలు వద్దు.

ఇక ఏళ్లు గడిచాక ఒకనాడు నడిమొవ్వులోంచి పూలకాడ లేస్తుంది. అరటిలాగే ఇదీ ఒక్కసారే పూస్తుంది, పూశాక పోతుంది. కాడ నరికితే బతుకుతుందేమోనని నరకకండి, బతకదు. పక్కనున్న పిలకలకు కుండీలు చూసుకోండి.