జడ్జిని దించాలంటే ఎన్ని తలుపులు దాటాలి?

మనుబోలు నుంచి నెల్లూరు వైపు హైవే ఎక్కితే తగిలేది వెంకటాచలం మండలం. రెండూ సర్వేపల్లి నియోజకవర్గమే. ఆ వెంకటాచలం మండలం చవటపాళెంలో పుట్టిన వెంకయ్యనాయుడు 2018లో రాజ్యసభ చైర్మన్. ఆ ఏప్రిల్ 20న ఆయనకు ఒక నోటీసు అందింది. సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ దీపక్ మిశ్రాను తొలగించాలంటూ 64 మంది ఎంపీలు పెట్టిన సంతకాలు! పదవిలో ఉన్న చీఫ్ జస్టిస్ మీద ఇలాంటి నోటీసు రావడం అదే మొదటిసారి. 23వ తేదీకల్లా వెంకయ్యనాయుడు దాన్ని తిరస్కరించారు. ఆరోపణలకు తగిన ఆధారం లేదన్నారు.

ఒక్క మనిషి అలా ఆపేయొచ్చా? 1968 నాటి చట్టం ప్రకారం ఆపొచ్చు.

ముఖ్యమంత్రిని దించడానికి కారణం చెప్పక్కర్లేదు, సభలో మెజారిటీ పోతే చాలు. జడ్జి సంగతి వేరు. తీర్పు నచ్చలేదని ఇంటికి పంపడం మొదలైతే, ఏ జడ్జి అయినా ప్రభుత్వానికి ఎదురు తీర్పు రాస్తాడా? అందుకే రాజ్యాంగం దారి కష్టం చేసింది. రాజ్యసభలో అయితే 50 మంది, లోక్‌సభలో అయితే 100 మంది సంతకాలు కావాలి. చైర్మన్ లేదా స్పీకర్ ఒప్పుకోవాలి. ముగ్గురు సభ్యుల కమిటీ విచారించి తప్పు నిజమని తేల్చాలి. ఆపైన రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. ఆ ఓట్లు సభ మొత్తం బలంలో సగం కూడా దాటాలి.

ఈ తలుపులన్నీ దాటించి ఇంతవరకు ఏ సుప్రీం, హైకోర్టు జడ్జినీ తొలగించలేదు. జస్టిస్ వి.రామస్వామి విషయంలో కమిటీ తప్పు తేల్చింది. అందులో మన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి కూడా ఒకరు. తీరా 1993లో లోక్‌సభలో 196 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా. అయినా తీర్మానం వీగిపోయింది! అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు పార్టీ కాంగ్రెస్ ఓటు వేయకుండా కూర్చుంది మరి.

2018 కథకి ఇంకో మలుపుంది. తిరస్కరణ మీద ఇద్దరు కాంగ్రెస్ ఎంపీలు సుప్రీంకోర్టుకే వెళ్లారు. కేసులు ఏ బెంచికి వెళ్లాలో చెప్పేది చీఫ్ జస్టిస్. ఇక్కడ గొడవేమో ఆయన గురించే! ఐదుగురు జడ్జిల బెంచి వేసిందెవరని లాయర్ కపిల్ సిబల్ అడిగారు. ఆ ఆర్డర్ కాపీ చేతికి రాలేదు. మే 8న పిటిషన్ వెనక్కి తీసుకున్నారు.

జడ్జికి రక్షణ ఉండాల్సిందే. కానీ మొదటి తలుపు దగ్గర కూర్చున్నవారు ఎన్నాళ్లలో తేల్చాలో, ఎంతవరకు చూసి తేల్చాలో ఆ చట్టం చెప్పదు. ఇవాళ మూడు రోజుల్లో ‘కాదు’ అనొచ్చు, రేపు ఇంకొకరు నెలల తరబడి కదలకుండా ఉండొచ్చు. ఆ రెండు ముక్కలు చట్టంలో రాస్తే జడ్జికీ మేలే, జనానికీ మేలే. నింద నిజమో కాదో విచారణలో తేలుతుంది. తలుపు దగ్గరే ఆగిపోతే అనుమానం అలాగే మిగిలిపోతుంది.