పైన మాడింది... లోపల ఉడికిందా?

మేడ మీద బార్బెక్యూ ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. మాంసం లోపల ఎంత వేడి ఉందో నేరుగా ఫోనుకు చెప్పే వైర్‌లెస్ థర్మామీటర్లూ వచ్చేశాయి. అవి అందరికీ అవసరమా? కొనేముందు ఏం చూసుకోవాలి?

డిసెంబరు చలి మొదలైతే చాలు... కాప్రా, ఏఎస్ రావు నగర్, కుషాయిగూడల్లో శనివారం సాయంత్రం మేడల మీంచి బొగ్గుల వాసన కిందికి దిగుతుంది. గ్రిల్లు ముందు ఇంటాయన విసనకర్రతో నిలబడతాడు. చుట్టూ పిల్లలు ప్లేట్లు పట్టుకుని తిరుగుతుంటారు. 'అయిందా బాబాయ్?' అని ఒకరడిగితే, 'ఇంకో రెండు నిమిషాలు' అంటాడాయన. ఆ రెండు నిమిషాలు ఏ లెక్కన వచ్చాయో ఆయనకీ తెలీదు!

కూర వండేటప్పుడు ఈ గొడవ లేదు. ముక్కలు పులుసులో మునిగి ఉంటాయి. పులుసు అరగంట కుతకుతలాడితే ముక్క లోపలికీ వేడి చేరుతుంది. ఉడికిందో లేదో గరిటెతో నొక్కి చూసినా తెలిసిపోతుంది. బొగ్గుల మీద అలా కాదు. వేడంతా ఒక్కసారిగా పైపొరకు తగులుతుంది. పైన ఎర్రగా కాలి, అంచులు నల్లబడి, నోరూరిస్తున్నా... లోపల ఎముక దగ్గర ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. తరాలుగా మన ఇళ్లలో ఉన్నది ఎక్కువగా కూర వండే అనుభవం. దాన్నే గ్రిల్లు దగ్గర నమ్ముకోవడంతోనే వస్తోంది చిక్కంతా.

రంగును నమ్మొద్దు

'కోసి చూస్తే తెలీదా?' అంటారు చాలామంది. అన్నిసార్లూ తెలీదు. కాశ్మీరీ కారం, పసుపు, పెరుగు పట్టించి రాత్రంతా నానబెట్టిన చికెన్‌కి అసలు రంగంటూ మిగలదు. పైగా బాయిలర్ కోడి ఆరేడు వారాలకే కోతకు వస్తుంది. లేత ఎముకల్లోని మూలుగ రంగు చుట్టూ ఉన్న మాంసంలోకి దిగుతుంది. దాంతో పూర్తిగా ఉడికిన లెగ్‌పీస్ కూడా ఎముక దగ్గర ఎర్రగా కనిపించొచ్చు. తెల్లగా కనిపించిన ముక్క ఉడక్కపోయి ఉండొచ్చు. పొగ పెట్టిన మాంసమైతే బాగా ఉడికాక కూడా పైపొర కింద గులాబీ రంగులోనే ఉంటుంది.

కోడి మాంసంలో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లయితే రెండు రోజులు విరేచనాలతో బయటపడొచ్చు. చిన్నపిల్లలు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు, షుగరు ఉన్నవాళ్ల విషయంలో మాత్రం అంత తేలిగ్గా తీసుకోకూడదు. మేడ మీద పార్టీ అంటే వీళ్లంతా వస్తారు కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం ఒక్కటే. మాంసం లోపల 70 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాలి. అమెరికా వ్యవసాయ శాఖ ఇంకాస్త విడమరిచి చెప్పింది. కోడి ఏ రూపంలో ఉన్నా 74 డిగ్రీలు. మటన్ కీమాతో చేసే సీక్ కబాబులకు 71. చేపకు 63. మటన్ పెద్ద ముక్కలకూ 63 డిగ్రీలే, కానీ దించాక మూడు నిమిషాలు అలాగే వదిలేయాలి. కీమాకి ఎక్కువ ఎందుకంటారా? సూక్ష్మజీవులు మామూలుగా ముక్క పైభాగంలోనే ఉంటాయి. కీమా కొట్టినప్పుడు పైదంతా లోపలికి కలిసిపోతుంది.

ఇందులో ఓ మెలిక ఉంది. ఉడకడం వేరు, మెత్తబడటం వేరు. 63 డిగ్రీల దగ్గర మేక తొడ తినడానికి సురక్షితమే కానీ, మన నోటికి అది రబ్బరే. ముక్కను పట్టి ఉంచే గట్టి పొరలు కరిగి మెత్తబడాలంటే నెమ్మదిగా, గంటల తరబడి వేడెక్కి 90 డిగ్రీల దాకా వెళ్లాలి. రాన్ చేతితో లాగితే ఊడి రావడం వెనకున్న రహస్యం అదే.

పుల్లలోనే అంతా...

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది పెన్ను థర్మామీటరు. జేబులో పట్టేంత ఉంటుంది. ముక్కలో గుచ్చితే కొన్ని సెకన్లలో అంకె చూపిస్తుంది. చూశాక తీసేయాలి. దీనికి ఫోనూ అక్కర్లేదు, ఆపూ అక్కర్లేదు. ధర వందల్లోనే మొదలవుతుంది.

రెండోది సగం వైర్‌లెస్. మాంసంలో గుచ్చే పుల్లకు వేడిని తట్టుకునే వైరు ఉంటుంది. ఆ వైరు గ్రిల్లు పక్కనున్న చిన్న పెట్టెకు వెళ్తుంది. ఆ పెట్టె నుంచి ఇంట్లోని రిసీవరుకో, ఫోనుకో సంకేతాలు అందుతాయి.

మూడోది పూర్తి వైర్‌లెస్. సెన్సరు, బ్యాటరీ, యాంటెన్నా అన్నీ దాదాపు పెన్సిలంత లావున్న పుల్లలోనే ఇమిడిపోతాయి. 2015లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర ముందే డబ్బు సేకరించి మొదలైన 'మీటర్' అనే బ్రాండు ఈ రకానికి ప్రచారం తెచ్చింది. దాన్ని తయారుచేసే సంస్థను 2021లో అమెరికా గ్రిల్లుల కంపెనీ ట్రేగర్ కొనేసింది. ఇప్పుడు ఇలాంటివి చాలా బ్రాండ్లలో వస్తున్నాయి. ధర వేలల్లోనే.

అన్నిటికన్నా ఖరీదైనదే మంచిదనుకుంటే పొరపాటే. పూర్తి వైర్‌లెస్ పుల్ల మీద ఓ గీత ఉంటుంది. ఆ గీత దాకా మాంసంలో దిగాల్సిందే. ఎందుకంటే ఎలక్ట్రానిక్ భాగాలన్నీ ఆ కిందే ఉంటాయి. మాంసంలో నీరుంటుంది కాబట్టి లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. అంటే పుల్లను కాపాడేది మాంసమే! బోటీ కబాబు ముక్కలోనో, వింగ్స్‌లోనో గుచ్చితే గీత బయటే ఉండిపోతుంది. బొగ్గుల సెగ నేరుగా తగిలి వేలు పోసి కొన్నది కాస్తా పాడైపోతుంది. తందూరు పొయ్యిలో అయితే వేడి 400 డిగ్రీలు కూడా దాటుతుంది. చాలా పుల్లల బయటి కొస 275 డిగ్రీలకు మించి తట్టుకోలేదు. ఇక అరకు బొంగులో చికెన్ చేద్దామనుకుంటే, మూతి కట్టేసిన బొంగులో ఏ పుల్లా దూరదు!

అందుకే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న 'ఏ బ్రాండు?' కాదు, 'మనం కాల్చేదేమిటి?' అన్నది. టిక్కాలు, సీక్ కబాబులు, లెగ్‌పీసులు, చేప ముక్కలే అయితే పెన్ను థర్మామీటరు చాలు. అయినా అవి కాలినంతసేపూ మనిషి పక్కనే ఉంటాడు. మూతపెట్టే గ్రిల్లులో నిండు కోడి, మేక తొడ, పొగబెట్టి గంటల తరబడి వండే పెద్ద ముక్క... ఇవి మీ అలవాటైతేనే వైర్‌లెస్ పనికొస్తుంది. మాటిమాటికీ మూత తీస్తే వేడంతా పోయి వంట వెనకబడుతుంది మరి.

పొగబెట్టే వంట ఓపికకు పరీక్ష. డాలస్ లాంటి చోట్ల మన వాళ్లు అక్కడి టెక్సస్ పద్ధతి నేర్చుకుని సెలవుల్లో స్మోకరు ముందు గంటలకు గంటలు కూర్చుంటారు. స్మోకరులో వేడి 107 నుంచి 121 డిగ్రీల మధ్యే ఉంచుతారు. మాంసం 65, 70 డిగ్రీల దగ్గరికి వచ్చాక అంకె కదలడం మానేస్తుంది. ఒక్కోసారి గంటల పాటు అక్కడే! థర్మామీటరు చెడిపోలేదు. మాంసం పైనున్న తేమ ఆవిరవుతూ, మనకు చెమట పట్టినట్టే, ముక్కను చల్లబరుస్తుంటుంది. ఈ సంగతి తెలియక కంగారుపడి మంట పెంచితే ముక్క ఎండిపోతుంది.

నాలుగు శ్లాబుల దూరం

డబ్బా మీద రాసిన దూరం అడ్డంకులు లేని మైదానంలో కొలిచింది. మన ఇళ్లు మైదానాలు కావు. సైనిక్‌పురిలో విడి ఇంటి పెరట్లో గ్రిల్లు పెట్టుకుంటే వంటింటికీ దానికీ మధ్య ఒకటో రెండో గోడలు. బ్లూటూత్ సరిపోవచ్చు. అదే అయిదంతస్తుల అపార్ట్‌మెంటు పైన గ్రిల్లు, రెండో అంతస్తులో ఫ్లాటు అయితే? మధ్యలో నాలుగు శ్లాబులు. ఇనుప చువ్వలు, కాంక్రీటు దాటుకుని బ్లూటూత్ రావడం కష్టం. దీనికి తోడు గ్రిల్లు ఇనుప మూత కూడా సంకేతాన్ని అడ్డుకుంటుంది. అందుకే పూర్తి వైర్‌లెస్ రకంలో పుల్లతో వచ్చే పెట్టెను గ్రిల్లుకు దగ్గరగానే ఉంచాలి. అది సంకేతాన్ని అందుకుని ముందుకు పంపుతుంది.

అపార్ట్‌మెంట్ల వాళ్లు వైఫై సదుపాయం ఉన్న రకం చూసుకోవాలి. కొనే ముందు ఓ చిన్న పని చేయండి. గ్రిల్లు పెట్టే చోట నిలబడి, ఫోనులో ఇంటి వైఫై అందుతోందో లేదో చూడండి. అందకపోతే వైఫై థర్మామీటరు కూడా అక్కడ మామూలుదే. ఇలాంటి పరికరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌కి కలవవు. ఈ సంగతీ రౌటరులో చూసుకోవాలి.

అమెరికా నుంచి తెప్పిస్తే...

'వచ్చేటప్పుడు ఒకటి పట్రా' అని అక్కడున్న అబ్బాయికో, కోడలికో చెప్పడం మామూలే. బ్లూటూత్, వైఫై రకాలైతే ఇబ్బంది లేదు. రేడియో తరంగాలతో పనిచేసే రిసీవరు రకమైతే మాత్రం ఆగి చూడాలి. వాటిలో కొన్ని అమెరికాలో అనుమతి ఉన్న 915 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. మన దేశంలో ఆ చుట్టుపక్కల తరంగాలు సెల్‌ఫోన్ సేవలవి. ఇక్కడ ఇలాంటి చిన్న పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలింది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా. కాబట్టి డబ్బా మీద ఆ అంకె చదివాకే తెమ్మనండి. లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి చేతిసంచిలో పెట్టుకోమనడం మేలు. ఇంటికొచ్చాక ఫారన్‌హీట్ నుంచి సెంటీగ్రేడ్‌కు మార్చుకోవాలి. లేదంటే 74 చూపించాల్సిన చోట 165 కనిపించి గుండె గుభేలుమంటుంది!

98 చూపితే తప్పు కాదు

లెక్క తప్పితే కొలిమి పని చెడుతుందని ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1967లో డాక్టర్ ఏఎస్ రావు సారథ్యంలో ఈసీఐఎల్ మొదలైంది ఇక్కడే. పక్కనే అణు ఇంధన సముదాయం ఉంది. కొలిచే పరికరాన్ని వాడేముందు సరిచూసుకోవడం అక్కడ పనిచేసిన వాళ్లకు అలవాటే. ఇంట్లోనూ అదే చేయాలి.

గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, కొద్దిగా నీళ్లు పోసి కలిపి థర్మామీటరు ముంచండి. సున్నా చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. తర్వాత మరిగే నీళ్లలో పెట్టండి. 98 చూపిస్తే వెనక్కి పంపేయకండి! హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు మరిగేది దాదాపు 98 డిగ్రీలకే. 100 చూపిస్తేనే అనుమానించాలి.

గుచ్చే చోటు కూడా ముఖ్యమే. పుల్ల మొన బాగా మందంగా ఉన్న చోట, మధ్యకు చేరాలి. ఎముకకు తగలకూడదు. ఎముక దగ్గర వేడి తప్పుగా చూపిస్తుంది. నిండు కోడి అయితే రొమ్ము భాగంలో చూసి ఊరుకోకుండా తొడ లోపలివైపు కూడా చూడాలి. పెన్ను రకమైతే గుచ్చిన ప్రతిసారీ సబ్బు నీళ్లతో కడగాలి. పచ్చి ముక్కలో పెట్టిన మొనను ఉడికిన ముక్కలో గుచ్చితే అసలు ప్రయోజనమే పోతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసాన్ని అలాగే పొగబెట్టకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులకు అది పండగే.

ఫోను చెబుతోంది కదా అని కిందికి దిగి సీరియల్ చూస్తూ కూర్చోవడం మాత్రం వద్దు. థర్మామీటరు మాంసం వేడి చెబుతుంది కానీ, ఎగిరిపడిన నిప్పురవ్వ సంగతి చెప్పదు. మేడ మీద ఎవరో ఒక పెద్దవాళ్లు ఉండాల్సిందే. మూసిన బాల్కనీలో, గదిలో బొగ్గులు వెలిగించడం ప్రాణాల మీదికి తెస్తుంది. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

ఏడాదికి రెండుసార్లు టిక్కాలు కాల్చే ఇంటికి పెన్ను థర్మామీటరు ఒక్కటి చాలు. నెలనెలా నిండు కోడో, మేక తొడో ఎక్కించే ఇంటికి వైర్‌లెస్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఏది కొన్నా పనికొచ్చేది ఒకటే. 'ఇంకో రెండు నిమిషాలు' అనే ఊహ పోయి, ఆ చోట ఓ అంకె వస్తుంది. ముందుగా పిల్లల ప్లేట్లలో వడ్డించేది ఆ అంకె చూశాకే!