ఐర్లాండ్ సేఫేనా అని అడిగే ముందు



పీటీఎంలో మార్కుల సంగతి అయిపోగానే వచ్చే ప్రశ్న ఈమధ్య మారింది. ఇంతకుముందు అమెరికా ఒక్కటే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక "జర్మనీ ఎలా ఉంటుంది సార్? ఐర్లాండ్ సేఫేనా?" అని అడుగుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీ బోర్డుల మీదా ఈ దేశాల పేర్లే. ఎనిమిదో తరగతి పిల్లల గురించి కూడా అడుగుతున్నారు, అది వేరే సంగతి.

మన వాట్సాప్ గ్రూపుల్లోనే ఇంకో రకం వీడియోలూ తిరుగుతుంటాయి. వలస వచ్చినవాళ్ల వల్ల యూరప్ పాడైపోయిందని వాటి సారాంశం. చాలామంది నిజమేనని తలూపి ఇంకో గ్రూపులో పెడతారు. రేపు మీ అబ్బాయి డబ్లిన్‌లో దిగితే అక్కడివాళ్ల లెక్కలో అతనూ వలస వచ్చినవాడే. వీసా సక్రమమా, ఫీజు ఎంత కట్టాడు, ఇంటర్‌లో ఎన్ని మార్కులు? దారిలో ఎదురైనవాళ్లకు ఇవేవీ కనపడవు.

2025 జూలై 19న డబ్లిన్ శివారు టాలాలో, వచ్చి కొన్ని వారాలే అయిన ఒక భారతీయుణ్ణి కొందరు కుర్రాళ్లు రక్తం వచ్చేలా కొట్టి బట్టలు లాగేశారు. అతని మీద ప్రచారం చేసిన ఆరోపణలో నిజం లేదని పోలీసులు తేల్చారు. కారు ఆపి అతనికి సాయం చేసింది స్థానిక మహిళే. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం, వేళ కాని వేళల్లో నిర్మానుష్య ప్రాంతాలకు వెళ్లవద్దని హెచ్చరిక ఇచ్చింది.

అంతకుముందు, 2023 నవంబరు 23న, అదే నగరంలో ఒక స్కూలు బయట చిన్నపిల్లల మీద కత్తితో దాడి జరిగింది. దాడి చేసినవాడు వలస వచ్చినవాడన్న ప్రచారంతో ఆ రాత్రి గుంపులు బస్సులు తగలబెట్టాయి, దుకాణాలు దోచాయి. అయితే కత్తి పట్టినవాణ్ణి హెల్మెట్‌తో కొట్టి ఆపినవాళ్లలో ముందున్నది ఎవరనుకుంటున్నారు? బ్రెజిల్ నుంచి వలస వచ్చిన ఫుడ్ డెలివరీ రైడర్. ఫార్వర్డ్ వీడియోల్లో ఈ సగం ఎప్పుడూ ఉండదు.

అలాగని అక్కడ వలసల గురించి మాట్లాడే ప్రతివాణ్ణీ జాత్యహంకారి అనేయడమూ సరికాదు. 2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లాండ్ జనాభా దాదాపు 51 లక్షలు. వాళ్లలో ఐదో వంతు బయటి దేశాల్లో పుట్టినవాళ్లు. అద్దె ఇళ్లకు తీవ్రమైన కొరత. మా పిల్లలకే ఇల్లు దొరకడం లేదని ఒక తండ్రి అంటే అందులో ద్వేషం వెతకనక్కర్లేదు. కౌన్సెలింగ్‌లో 85 శాతం లోకల్ కోటా కోసం స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని తిరిగే మనకు ఆ బాధ కొత్తది కాదు. భయమూ కొత్తది కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మన బస్టాపుల దగ్గర జరిగిన జంట పేలుళ్లను ఈ ప్రాంతంవాళ్లు మరిచిపోలేదు. భద్రత అడగడం తప్పు కాదు. కానీ ఆ మర్నాడు హాస్టళ్లలోని బయటివాళ్లందరినీ పంపించేయమని ఉంటే, నల్గొండ, ఖమ్మం నుంచి కోచింగ్‌కు వచ్చిన పిల్లలే ముందు రోడ్డున పడేవారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2025 ఆగస్టు. ఐర్లాండ్‌లో మనవాళ్ల మీద దాడులని ఆందోళన పడుతున్న ఆ నెలలోనే తెలంగాణలో 'మార్వాడీ గో బ్యాక్' నినాదం వినపడింది. చిన్న దుకాణదారుల ఇబ్బంది నిజమే కావచ్చు, దాని మీద మాట్లాడుకోవచ్చు. ఒక కులాన్నో రాష్ట్రాన్నో మొత్తంగా వెళ్లిపొమ్మనడం వేరు. మన తరగతుల్లో రాజస్థానీ, ఒడియా, బీహారీ కుటుంబాల పిల్లలున్నారు. ఇంట్లో పెద్దల మాటలు మర్నాడు బెంచీ మీద వినపడతాయి. అవి వినే టీచర్లం మేమే.

ఇక ఐర్లాండ్ సేఫేనా? దేశం మొత్తానికి ఒక జవాబు లేదు. ఏ ఊరు, ఏ వీధి, పార్ట్‌టైమ్ పని ఎన్నింటికి ముగుస్తుంది, ఆ టైములో బస్సు ఉందా అన్నవి అడగండి. కాలేజీ నడిచే రోజుల్లో అక్కడ విద్యార్థులు వారానికి 20 గంటలే పని చేయాలి, ఆ డబ్బుతో అద్దె గడవదు. విమానం ఎక్కేముందే గది ఖాయమైందా అని కన్సల్టెన్సీ వాళ్లను గట్టిగా నిలదీయండి. జర్మనీ అయితే ఇక్కడే భాష మొదలుపెట్టించండి. ఇంగ్లిష్ కోర్సే కదా అని చాలామంది వదిలేస్తారు, కానీ పొరుగింటి ముసలావిడతో మాట్లాడాల్సింది జర్మన్‌లోనే. పదిమంది తెలుగువాళ్లే ఒక ఇంట్లో ఉంటే వంటకు హాయిగా ఉంటుంది కానీ, కష్టం వచ్చిన రోజు తలుపు తట్టడానికి ఆ వీధిలో ఒక్కరైనా తెలిసి ఉండాలి.

వచ్చే నెల సోషల్ ప్రాజెక్టులో తొమ్మిదో తరగతి పిల్లలు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు: మన కుటుంబం ఈ కాలనీకి ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో వచ్చింది, మొదట ఇల్లు అద్దెకిచ్చింది ఎవరు? దయచేసి జవాబు మీరే చెప్పండి, గూగుల్‌కు వదలకండి.