చేతులు మారిన పనులు

హైదరాబాద్‌లో ఏ సెలూన్‌కు వెళ్లినా కత్తెర పట్టిన కుర్రాడు ఉత్తరప్రదేశ్ వాడో, బిహారీయో కావడం ఇప్పుడు మామూలు. హోటల్లో టిఫిన్ తెచ్చిపెట్టేవారిలో ఒడియా, అస్సామీ యువకులు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నేపాలీ కుటుంబం కనిపిస్తారు. పల్లెల్లో వరి నాట్లకు కూడా బెంగాల్ ముఠాలు దిగుతున్నాయి.

‘మనవాళ్లకు ఒళ్లు వంగడం లేదు’ అని నిష్ఠూరమాడేవారు చాలామంది ఉన్నారు. ఆ మాట తప్పు. ఊళ్లో క్షవరం చేసినవారికి పంట నూర్పిళ్లప్పుడు గింజలు కొలిచేవారు; వాకిలి దాటి లోపలికి మాత్రం రానిచ్చేవారు కాదు. అది అనుభవించిన తండ్రి ‘ఈ పని నాతోనే పోవాలి’ అనుకోవడం బద్ధకమా? ఉమ్మడి రాష్ట్రంలో 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో అలాంటి ఇళ్ల పిల్లలు ఎందరో ఇంజినీరింగ్ కాలేజీ గడప తొక్కారు. వాళ్లు తాతల పనిలోకి తిరిగి రాకపోవడం మనం సంతోషించాల్సిన సంగతి.

అయితే అన్ని పనులూ ఇలా చేతులు మారలేదు. తెల్లవారకముందే రోడ్లు ఊడ్చేవారిలో, మురుగు కాలువల్లోకి దిగేవారిలో ఇప్పటికీ దళితులే ఎక్కువ. రక్షణ లేకుండా మనుషుల్ని మురుగులోకి దించరాదని 2013లో చట్టమే వచ్చినా చావులు ఆగలేదు. ఎదుగుదల అందరి గడపకూ ఒకేలా రాలేదన్నది కళ్లెదుట కనిపిస్తున్న నిజం.

వలస వచ్చినవారు మనకెంత అవసరమో 2020 మే నెల చూపింది. లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే తొలిది మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. సరిగ్గా వారానికి అదే స్టేషన్‌లో బిహార్‌లోని ఖగడియా నుంచి మరో రైలు ఆగింది. అందులో వచ్చినవారు మన రైస్ మిల్లుల హమాలీలు. రాష్ట్ర మంత్రి స్వయంగా వెళ్లి వారికి స్వాగతం పలికారు. యాసంగి ధాన్యం మిల్లులకు పోటెత్తుతోంది, బస్తా ఎత్తే భుజం లేదు మరి. ఆ రోజు చూపిన మర్యాద మామూలు రోజుల్లో ఎందుకు ఉండదు?

పరాయి ఊళ్లో పనివాడి బతుకు మనకు తెలియనిది కాదు. ముంబయిలో కామాఠీపురాకు ఆ పేరు తెలంగాణ నుంచి వెళ్లిన కూలీల వల్లే వచ్చింది. కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఇవాళ్టికీ కువైట్ ఇళ్లలో వంట చేస్తున్నారు, పిల్లల్ని సాకుతున్నారు. అక్కడ యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే, జీతం ఎగ్గొడితే మనం కుమిలిపోతాం. ఇక్కడికి వచ్చిన బిడ్డ కోసం కూడా ఏ మారుమూల ఊళ్లోనో ఒక తల్లి అలాగే కుమిలిపోతూ ఉంటుంది.

వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు సొంత రాష్ట్రం కార్డుతో ఇక్కడా రేషన్ బియ్యం తీసుకోవచ్చు. 2019లో ఈ ఏర్పాటును దేశంలో మొదట మొదలుపెట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. మీ దగ్గర పనిచేసేవారికి ఆ సంగతి చెప్పండి, రేషన్ దుకాణం చూపించండి. వారి పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించండి. జీతం నెల తిరగ్గానే చేతిలో పెట్టండి.