తెల్లనీళ్ళ మీద ఒక పూట

పిల్లలూ! పోయిన నెల మిమ్మల్ని హరిద్వారంలో గంగ ఒడ్డున వదిలిపెట్టాను. అక్కడి నుంచి నేనూ, నాతో కలిసి చదువుకున్న మిత్రుడూ ఋషీకేశం చేరుకున్నాం. అక్కడ మేము గంగలో చేసింది స్నానం కాదు, స్వారీ! అందులో నాకు జరిగిన పరాభవం ఒకటుంది. దాన్ని దాచకుండా చెబుతాను. ఎందుకంటే, అది మీకు పనికివస్తుంది.

నేను గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి. చిన్నతనంలోనే కాలవలు ఈదాను. నా మిత్రుడిది అనంతపురం జిల్లా. వాళ్ళ ఊరి వాగులో నీళ్ళు పారితే పండగే. అతనికి ఈత రాదు. "నీకేం భయం లేదురా, నేనున్నాను కదా!" అని దారి పొడుగునా అతనికి ధైర్యం చెబుతూనే ఉన్నాను.

ఋషీకేశానికి ఎగువన, సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, శివపురి అనే చిన్న ఊరున్నది. జీపు మీద రబ్బరు పడవ కట్టుకుని అక్కడికి పోయాం. ఈ పడవను రాఫ్ట్ అంటారు. దీనిలో గాలి గదులు వేరువేరుగా ఉంటాయి. ఒకటి చిరిగినా మిగిలినవి పడవను తేలుస్తాయి. పడవ అడుగున అంచుల వెంట రంధ్రాలు కనిపించాయి. "చిల్లులున్న పడవ మునగదా?" అని అడిగాడు నా మిత్రుడు. మునగదు. దాని అడుగు కూడా గాలి నింపినదే గనక, నీటి మట్టానికి పైన తేలుతుంది. కెరటాలు లోపల పోసిన నీరు ఆ రంధ్రాల గుండా తనంతట తానే బయటికి పోతుంది.

పడవ నడిపే యువకుడు ఆ కొండ ప్రాంతం వాడే. అతను మా చేత లైఫ్ జాకెట్లూ, హెల్మెట్లూ బిగించి కట్టించాడు. తలా ఒక తెడ్డు ఇచ్చాడు. తరవాత ఇసకలో నిలబెట్టి పాఠం చెప్పాడు: "పడవలోంచి పడిపోతే వెల్లకిలా పడుకోండి. కాళ్ళు ప్రవాహం పోయే వైపుకు చాచండి. కాలివేళ్ళు నీటిపైకి కనబడాలి. నీటి జోరు తగ్గేదాకా, నేల తగిలినా సరే, లేచి నిలబడకండి!"

నా మిత్రుడు ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకున్నాడు. పైగా ఇసకలో వెల్లకిలా పడుకుని, కాళ్ళు ఎత్తి చూసుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఈత వచ్చినవాడికి ఈ పాఠం దేనికని నేను అవతలి గట్టు కేసి చూస్తూ నిలబడ్డాను.

పడవ కదిలింది. మొదట నీరు పచ్చగా, గాజుపలకలాగా ఉంది. వేలు ముంచితే జివ్వుమన్నది. అది మంచు కరిగిన నీరు మరి! గంగకు మూలమైన భాగీరథి గోముఖం దగ్గర, దాదాపు 4,000 మీటర్ల ఎత్తున, మంచునది నుంచి పుడుతుంది. దేవప్రయాగలో అలకనందతో కలిసి గంగ అనిపించుకుంటుంది. ఋషీకేశం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే, 300 కిలోమీటర్లయినా లేని దారిలో ఈ నీరు 3,500 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది! అక్కడి నుంచి సముద్రం చేరటానికి 2,000 కిలోమీటర్లకు పైగా నడిచినా, దిగవలసింది ఆ మిగిలిన 350 మీటర్లే. అందుకే కొండల్లో గంగ ఉరుకుతుంది, మైదానంలో నడుస్తుంది.

కొండలు రెండు వైపులా దగ్గరికి వచ్చిన చోట నీటి వేగం ఇంకా పెరుగుతుంది. నీళ్ళగొట్టం చివర బొటనవేలు అడ్డం పెడితే నీరు ఎంత జోరుగా చిమ్ముతుందో మీకు తెలుసు కదా! ఆ జోరుకు అడుగున బండరాళ్ళు కూడా తోడైతే నీరు ఎగిరి, విరిగి, గాలిని తనలో కలుపుకుంటుంది. ఆ గాలిబుడగలు వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టటం వల్ల నీరు తెల్లగా కనిపిస్తుంది. ఇలాంటి చోట్లను ర్యాపిడ్లు అంటారు. వాటి తీవ్రతను బట్టి 1 నుంచి 6 దాకా తరగతులున్నాయి. మొదటిది పిల్లకాలవ లాంటిది. ఆరోది ప్రాణాంతకం.

మా దారిలో పెద్దవాటిలో ఒకటి రోలర్ కోస్టర్. దూరం నుంచే దాని హోరు వినిపించింది. "ముందుకు! ముందుకు!" అని యువకుడు కేక పెట్టాడు. అందరం తెడ్లు వేశాం. పడవ ముక్కు ఆకాశానికి లేచి, గోతిలోకి దూకింది. మరుక్షణం నేను పడవలో లేను!

నీళ్ళల్లో పడగానే ఈత మొదలుపెట్టాను. కాని చేతులకు నీరు అందితేగా! అంతా నురుగే. ఎంత బారలు వేసినా ముందుకు పోలేదు. రెండు గుక్కలు మింగాను. ఇంతలో కాలికి రాయి తగిలింది. "అమ్మయ్య, నేల దొరికింది" అనుకుని నిలబడబోయాను. పాదం రెండు రాళ్ళ సందున దిగింది. వెనక నుంచి గంగ నన్ను ముందుకు తోసింది.

"నిలబడొద్దురా! కాళ్ళు పైకెత్తు!"

అది నా మిత్రుడి గొంతు. ఆ కేకకు నా కాలు దానంతటదే లేచింది. బూటు రాళ్ళ మధ్యనే ఉండిపోయింది, పాదం బయటికి వచ్చింది. వెల్లకిలా పడుకున్నాను. నీరే నన్ను మోసుకుపోయింది. పడవ దగ్గరికి రాగానే నా మిత్రుడు తెడ్డు పిడి అందించి, లైఫ్ జాకెట్ భుజాలు పట్టుకుని నన్ను పడవలోకి లాగాడు. నేను దగ్గుతూ ఉంటే అతను, "నీకేం భయం లేదురా, నేనున్నాను కదా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాని నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

ఒడ్డు చేరాక యువకుడు నా ఒంటి బూటు కేసి చూసి అన్నీ విడమరిచి చెప్పాడు. ప్రవాహ వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. కాలు రాళ్ళలో ఇరుక్కున్న మనిషిని ఆ బలం ముందుకు వంచేసి, తలను నీటి కిందికి నొక్కుతుంది. అప్పుడు మోకాలి లోతు నీరు కూడా చాలు ప్రాణం తీయటానికి. ఇక నురుగు అంటే సగం గాలి. అది మనిషిని మామూలు నీరులాగా తేల్చలేదు, ఈదే చేతికి పట్టూ ఇవ్వదు. నిలకడ నీటిలో నేర్చిన ఈత ఉరికే నీటిలో చాలదు.

గోదావరి నాకు ఈత నేర్పింది. కాని గంగను గురించి తెలిసినవాడు చెబుతుంటే నేను వినలేదు. ఏమీ రాదని తెలిసిన నా మిత్రుడు శ్రద్ధగా విన్నాడు. ఆ వేళ నన్ను కాపాడింది ఆ శ్రద్ధే.

ఈసారి వాన వెలిశాక మీ వాకిట్లో పారే నీటికి ఒక రాయి అడ్డం పెట్టండి. రాతికి దిగువన ఒక చిన్న ఆకు వేసి చూడండి. అది ఒక్కొక్కప్పుడు కిందికి పోకుండా, వెనక్కి, రాతి దగ్గరికే వస్తుంది! రాతి చాటున నీరు వెనక్కి తిరుగుతుంది మరి. పడవలవాళ్ళు అలాంటి చోట్లనే ఆగి అలసట తీర్చుకుంటారు. ఈ ఆట వాకిట్లోనే ఆడండి. పారే వాగులోకి మాత్రం, ఈత వచ్చినా సరే, పెద్దవాళ్ళు లేకుండా దిగకండి.

వచ్చే నెల దేవప్రయాగకు పోదాం. కొత్త బూట్లు కొన్నాను!