బండికి సిసి ఉంది... నడిపే చేతికో?

ఎద్దును కొనేముందు పళ్ళు చూస్తాం, సుళ్ళు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. ఒంగోలు గిత్తలకు పేరుపడ్డ సీమ మనది, ఈ సంగతి తెలియనిదెవరికి? కోడెను కొత్తగా కాడికి కట్టిన రోజున పగ్గాలు ఇంట్లో కుర్రాడి చేతికివ్వం. చెయ్యి తిరిగిన మనిషే పట్టుకోవాలంటాం. మరి రెండు లక్షలు పోసి మోటార్ సైకిల్ కొనేటప్పుడు ఈ ఇంగితమంతా ఎటు పోతోందో!

ఇప్పుడీ మాట ఎందుకంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సిసి వరకూ ఉన్న బండ్ల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. అది దాటిన వాటి మీద, సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది కాస్తా 40కి ఎక్కింది. దాంతో 349 సిసి ఇంజను ఉన్న బుల్లెట్, క్లాసిక్, హంటర్ లాంటివి మధ్యతరగతి గుమ్మానికి మరికాస్త దగ్గరయ్యాయి. వీటినీ, వీటి పైవాటినీ 'మిడిల్‌వెయిట్' బండ్లంటున్నారు. వందా, నూట పాతిక సిసి బండ్లతో సరిపెట్టుకున్న ఇళ్ళలో ఇప్పుడు పిల్లల నోట ఇదే మాట.

మా ఇంటి సంగతే చెబుతాను. మా చిన్నాడపడుచు కొడుకు ఇంజనీరింగ్ పాసయ్యాడని వాళ్ళ నాన్న నాలుగొందల సిసి బండి కొనిచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. మూడో వారం వాళ్ళమ్మను వెనక కూర్చోబెట్టుకుని కొత్తపట్నం వచ్చాడు. సముద్రపొడ్డుకు వెళ్ళే మలుపులో రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. చక్రం జారింది. దేవుడి దయవల్ల మోచేతులు దోక్కుపోవడంతో సరిపోయింది. కానీ పడ్డ బండిని ఒక్కడూ లేపలేకపోయాడు. వల బుజానేసుకుని పోతున్న పెద్దాయన వచ్చి చెయ్యి వేశాడు.

వాడి అక్కకు పాతికేళ్ళు. రోజూ ఒంగోలులో ఉద్యోగానికి స్కూటర్ మీద వెళ్ళొస్తుంది. తనూ ఒక 350 కొనుక్కుంటానంది, అదీ తన జీతంతో. అంతే, ఇల్లంతా లేచింది. ఆడపిల్లవి, అంత బరువు మొయ్యగలవా, రేపు పెళ్ళివారేమనుకుంటారు... ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, "అత్తా, తమ్ముడికి వచ్చో రాదో ఎవరూ చూడలేదేం?" అని అడిగింది. చెప్పొద్దూ, నాకు జవాబు దొరకలేదు.

ఆలోచిస్తే మన ఇళ్ళలో బండిని నడిపేవాళ్ళ నేర్పును బట్టి ఎప్పుడు కొన్నాం గనక? కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చినా, అల్లుడికి బండి పెట్టే ఆచారం పోలేదు. వియ్యాలవారి హోదాకు తగ్గట్టు సిసి పెరుగుతుంది. అప్పు తెచ్చేది పిల్ల తండ్రి, నడిపేది అల్లుడు, వెనక పక్కకు తిరిగి, చంకలో బిడ్డతో కూర్చునేది మన పిల్ల. ప్రాణం పణంగా పెట్టిన మనిషిని మాత్రం ఎవరూ సలహా అడగరు!

అసలు సిసి ఒక్కటే చూస్తే మోసపోతాం. హంటర్ 350 బరువు 181 కిలోలు, క్లాసిక్ 350 దాదాపు 195. మనం నడిపే మామూలు స్కూటర్ నూటపది కిలోల లోపే. శక్తి చూస్తే స్కూటర్‌ది ఎనిమిది అశ్వశక్తి లోపు, ఈ 350లది సుమారు ఇరవై. 2023 జూలైలో మార్కెట్లోకొచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400కి అదే ఇంచుమించు నలభై. యాభై సిసి తేడాకే శక్తి రెట్టింపు, బరువు మాత్రం 350ల కంటే తక్కువ! అంటే క్లాసిక్ లాంటిది బరువైనా నిదానస్తురాలు, నాలుగొందలది తేలికైనా దూకుడు మనిషి. బరువు నిలబడ్డప్పుడూ మలుపుల్లోనూ పరీక్ష పెడుతుంది. శక్తి హైవే మీద పెడుతుంది. మొదటిదానికి ఒడుపు కావాలి, రెండోదానికి నిగ్రహం కావాలి. ఇక ఇంటర్‌సెప్టార్ 650 లాంటి వాటికి రెండూ కావాలి. రెండొందల కిలోలు దాటిన బరువు, 47 అశ్వశక్తి!

ఈ తేడాను మన లైసెన్సు చూడదు. గేర్ల బండి లైసెన్సు ఒకటుంటే వంద సిసి అయినా, 650 అయినా నడపొచ్చు. యూరప్ దేశాల్లో మెట్లున్నాయి. చిన్న బండికి ఒక లైసెన్సు, 35 కిలోవాట్లు, అంటే దాదాపు 47 అశ్వశక్తి వరకూ మరొకటి. దాని మీద రెండేళ్ళు నడిపి పరీక్ష నెగ్గితేనే ఆ పై బండి. నేరుగా కావాలంటే 24 ఏళ్ళు నిండాలి. జపాన్‌లో 400 సిసి దాటితే లైసెన్సే వేరు. మన దగ్గర 350 దగ్గర గీత గీసింది పన్నుల వాళ్ళు మాత్రమే. నేర్పును కొలిచే పని ఇంట్లోవాళ్ళ మీదే పడింది.

అదేం బ్రహ్మవిద్య కాదు. మొదట, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు బాగా ఆనాలి. ఈ 350ల సీట్లు 31, 32 అంగుళాల ఎత్తుంటాయి. రెండు, ఇంజను ఆపేసి బండిని వెనక్కి నెట్టి, సందులో తిప్పి, స్టాండు వెయ్యగలగాలి. మూడు, కాలు కింద పెట్టకుండా నడక వేగంతో పోనిచ్చి, ఇరుకు రోడ్డులో వెనక్కి మళ్ళించగలగాలి. నాలుగు, ఖాళీ మైదానంలో నలభై వేగంలో రెండు బ్రేకులూ కలిపి వేసి, జారకుండా తిన్నగా ఆపగలగాలి. వేగం ఎనభై అయితే, బ్రేకు పడ్డాక బండి ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలని గుర్తుంచుకోవాలి. ఇవన్నీ వందా, నూట పాతిక బండి మీద పట్టుబడి, ఒక వానాకాలం గడిచాకే 350 మాట. వెనక మనిషిని ఎక్కించుకోవడం అన్నిటికంటే చివర.

కొనేటప్పుడు ఏబీఎస్ సంగతి కూడా అడగండి. 125 సిసి దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. అయితే ముందు చక్రానికే ఉండేవి, రెండింటికీ ఉండేవి అని రెండు రకాలు. రెండింటికీ ఉన్నదే మేలు. రంగు కోసం పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్ళే. హెల్మెట్ లేక పోయిన యాభై వేల మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. మనం కూర్చునే చోటే అది! కాబట్టి బండితోపాటు రెండు హెల్మెట్లు కొనకపోతే ఎక్కనని చెప్పే హక్కు మనకుంది.

ఇక ఆడవాళ్ళకు బరువు ఆగదనే మాట. 2018లో హైదరాబాద్ నుంచి జయభారతి, మరో ముగ్గురు మహిళలు నాలుగొందల సిసి తరగతి డామినార్ బండ్ల మీద బయల్దేరి, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి, దాదాపు 17 వేల కిలోమీటర్లు నడిపారు. వాళ్ళను అంతదూరం తీసుకెళ్ళింది అభ్యాసమే కదా.

మా ఆడపడుచు కూతురు ఇప్పుడు వాళ్ళ నాన్న పాత వంద సిసి బండి మీద ఒంగోలు వెళ్ళొస్తోంది. లారీ ఎదురొచ్చినా, రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉన్నా తొణకడం లేదట. ఈ వానలు వెళ్ళాక 350 చూస్తుందట. తమ్ముణ్ణి కూడా అదే పాత బండి ఎక్కమని వాళ్ళ నాన్నతో చెప్పించాను. మొహం మాడ్చుకున్నాడనుకోండి. మాడ్చుకోనివ్వండి, మోచేతుల గాయాలు మానేదాకా వాడికీ ఆలోచించుకునే తీరిక ఉంది.